కంప్యూటర్ కాపలావాడికి కొరమీను పులుసు

కూచోండమ్మా, కూచోండి. ఆ గోనెసంచి కాస్త దులిపి, వేసుకుని కూచోండి. ఎలాగూ ఇప్పుడప్పుడే మనకి ఇక్కణ్ణుంచి కదిలే యోగం లేదు. ఈ దొండపాటి వాళ్ళ సంగతేంటి నాగరత్నం పిన్నిగారూ అని అడిగారుగా, చెప్తాను వినండి. నేను వాళ్ళ పక్కింటిదాన్ని. మధ్యలో ఉన్నది నడుమెత్తు గోడ. వాళ్ళు పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములొస్తాయి. నాకు తెలియనిదేముంటుంది?

మన మండపేటలో తెలివైనవాళ్ళు ఎవరయ్యా అంటే, దొండపాటి వాళ్ళేనట. ఎవరన్నారూ అని అడక్కండి, వాళ్ళే అనుకున్నారు. పెద్దవాడు అమ్మిరాజు పొద్దున్నే అరుగెక్కి కూచుంటాడు. దారిన పోయేవాణ్ణి ఆపి మరీ చెప్తాడు. "ఊళ్ళో జనానికి ఒకటి చెబితే ఇంకోటి చేస్తారండి. మా ఇంట్లో ఆ తేడా ఉండదు. చెప్పింది చెప్పినట్టు చేస్తాం. ఆయ్!"

నిజమేనమ్మా, అందులో అబద్ధం లేదు. వాళ్ళమ్మ ఉన్న రోజుల్లో ఒకసారి కొత్త గొడుగు కొని తెమ్మంది. "కొత్తదిరా, తడిపి తీసుకొచ్చావో నీ వీపు చీరేస్తాను" అంది. అంతే. దారిలో జోరున వాన. మహానుభావుడు గొడుగు చొక్కాలో దోపుకుని, తాను తడిసి ముద్దై ఇల్లు చేరాడు. వారం పాటు జ్వరం. మంచంలో మూలుగుతూ కూడా "గొడుగు పొడిగా ఉందా లేదా?" అని అందర్నీ అడిగేవాడు.

తమ్ముడు బుల్లెబ్బాయి అన్నని మించినవాడు. తాళం చెవి ఎక్కడపడితే అక్కడ పడెయ్యకు, తాళం దగ్గరే ఉంచుకో అన్నారని, ఇంటికి తాళం వేసి చెవి దానికే దారం కట్టి వేలాడదీసి సినిమాకి వెళ్ళాడు. ఇక అమ్మిరాజు పెళ్ళాం వరహాలు. ఆ ఇంటి కోసమే బ్రహ్మదేవుడు కొలతలు తీసి చేశాడేమో ఆవిణ్ణి!

వాళ్ళ నాన్న, పోయినాయన, ఇళ్ళు కట్టే మేస్త్రి. ధర్మాత్ముడు. ఆయన ఇంట్లో ఒక ఆచారం పెట్టాడు. పనివాడి చేత ఖాళీ కడుపుతో పని చేయించకూడదు. ఆదివారం అసలే చేయించకూడదు. ఇంటికొచ్చినవాణ్ణి పస్తు పంపకూడదు. బంగారం లాంటి మాటలు. అయితే బంగారం కోతి చేతిలో పడితే ఏమవుతుందో ఇప్పుడు చెప్తాను.

ఆ ఇంటికి బుర్రున్నది ఒక్కతే, చెల్లెలు వనజాక్షి. అన్నలిద్దరికీ అన్నం పెడుతున్నది ఆ పిల్ల చేతి సూదే. పగలంతా మగ్గం మీద జాకెట్లకి పూసల పని, సాయంత్రం కంప్యూటర్ ముందు కూచుని కొత్త డిజైన్లు గియ్యడం. నెమళ్ళు, తామరలు, జడబిళ్ళలు, ఏళ్ళ తరబడి గీసినవన్నీ ఆ కంప్యూటర్లోనే దాచింది. రాజమండ్రి చీరల కొట్టు భూషణం గారు వచ్చి డిజైన్లు చూస్తానన్నారు. ఆయనకి నచ్చితే ఏడాది పొడుగునా పనే. నచ్చకపోతే మళ్ళీ ఇరుగుపొరుగు జాకెట్లకి హుక్కులు కుట్టుకోవడమే. ఆ పిల్ల ప్రాణమంతా ఆ డిజైన్ల మీదే ఉందమ్మా. సోమవారం ఆయన రాక.

సరిగ్గా అప్పుడే కాకినాడలో వాళ్ళ పిన్నికి కంటి ఆపరేషన్ పడింది. వెళ్ళక తప్పదు. శుక్రవారం పొద్దున్న బయల్దేరుతూ ముగ్గుర్నీ కంప్యూటర్ ముందు నిలబెట్టి చెప్పింది. నేను గోడ మీంచి వింటూనే ఉన్నాను.

"పెద్దన్నయ్యా, ఇదిగో, ఈ మూల డాలు బొమ్మ కనపడుతోందా? ఇది యాంటీవైరస్. కంప్యూటర్‌తో పాటే వచ్చింది, వేరే ఏమీ పెట్టక్కర్లేదు. కాపలావాడనుకో. తిండీ నిద్రా లేకుండా రాత్రీ పగలూ కాస్తూ ఉంటాడు. దీని సెట్టింగులు ఎవరూ కదపకండి. ఏదైనా లోపలికొస్తానని అడిగితే వద్దనండి."

"ఆయ్! చెప్పింది చెప్పినట్టు" అన్నాడు అమ్మిరాజు.

పిల్ల ఇలా బస్సెక్కిందో లేదో, అలా వరహాలు కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "ఏవండీ! తిండీ నిద్రా లేకుండానట! మావయ్యగారి ఇంట్లో! వింటే ఆయన ఆత్మ శాంతిస్తుందా?"

"అదే నేనూ అనుకుంటున్నాను" అన్నాడు అమ్మిరాజు, మొహం వేలాడేసి. "ఊరు ఊరంతా మనల్ని ధర్మాత్ములంటోంది. లోపల చూస్తే ఒకణ్ణి పస్తు పెట్టి పని చేయిస్తున్నాం."

ఇంకేముంది! వరహాలు ఆ పూట కొరమీను పులుసు కాచింది. అరిటాకు వేసింది. అన్నం, ముద్దపప్పు, పులుసు, గడ్డపెరుగు, అన్నీ వడ్డించి కంప్యూటర్ ముందు పెట్టింది. ముగ్గురూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎవరూ బయటికి రాలేదు.

"ఎలా వస్తాడు వదినా? డ్యూటీలో ఉన్నాడుగా" అన్నాడు బుల్లెబ్బాయి. "ముందు డ్యూటీ దింపాలి."

వనజాక్షి ఇంట్లో వాళ్ళకి అర్థం కావాలని కంప్యూటర్లో అన్నీ తెలుగులోనే పెట్టింది. అదే ఆ పిల్ల కొంప ముంచింది. బుల్లెబ్బాయి డాలు బొమ్మ నొక్కి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని, కాపలా ఆపేచోటు పట్టేశాడు. "ఆపితే మీ కంప్యూటర్‌కి ప్రమాదం. నిజంగా ఆపాలా?" అని అడిగింది పాపం అది.

"చూశావా అన్నయ్యా, ఎంత నమ్మకస్తుడో! ఆకలేస్తున్నా కదలనంటున్నాడు."

"ఫరవాలేదు బాబూ, తినేసి రా" అని అమ్మిరాజు తెరకి దణ్ణం పెట్టాడు. అవును అని నొక్కేశారు. అంతే, కాపలా ఆగిపోయింది.

తినేటప్పుడు ఎవరైనా చూస్తుంటే మొహమాటపడతాడని ముగ్గురూ వసారాలోకి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు బుల్లెబ్బాయికి ఇంకో ఆలోచన వచ్చింది. భోజనం చేసేవాడికి పాట ఉంటే బాగుంటుందని, లైటింగు పెట్టే సూరిబాబు దగ్గర అరువు తెచ్చిన పెన్‌డ్రైవ్ తెచ్చి కంప్యూటర్‌కి గుచ్చేశాడు. సూరిబాబు పెన్‌డ్రైవ్ అంటే తెలుసుగా, ఊళ్ళో ప్రతి పెళ్ళికీ, ప్రతి జాతరకీ తిరిగొచ్చింది. దాంట్లో పాటలెన్నో, పురుగులెన్నో వాడికే తెలియదు.

కాసేపటికి వచ్చి చూద్దురు కదా, ఆకు నాకినట్టు ఖాళీ! డాలు బొమ్మ దానంతటదే మళ్ళీ వెలిగింది. ఎవరైనా ఆపి మర్చిపోతే కాసేపటికి తనంతట తానే కాపలాకి వచ్చేస్తుందటమ్మా అది. వనజాక్షి తర్వాత చెప్పింది నాకు.

"తినేసి డ్యూటీ ఎక్కేశాడు!" అని ముగ్గురూ ఒకర్నొకరు కావలించుకున్నారు.

గోడకి ఇవతల మా పిల్లి సింగారి మీసాలకి పులుసు అంటుకుని, ఒళ్ళంతా నాక్కుంటోంది. నేను కేకేశాను. "ఒరే అమ్మిరాజూ, తిన్నది మా పిల్లిరా!"

"ఊరుకోండి పిన్నిగారూ" అన్నాడు వాడు జాలిగా. "పిల్లి పులుసు తింటుంది సరే, బటన్ నొక్కుతుందా?"

 సింగారి మూతి తుడిచి లోపలికి ఎత్తుకుపోయాను.

ఈలోగా తెర మీద ఎర్రగా వెలిగింది. "ప్రమాదకరమైనది ఒకటి లోపల దొరికింది. బంధించి విడిగా ఉంచాం. తొలగించాలా, అనుమతించాలా?"

ముగ్గురూ సభ తీర్చారు. "లోపలికొస్తానని అడిగితే వద్దనమంది చెల్లి" అన్నాడు అమ్మిరాజు. "ఇతను అడగలేదే! వచ్చేసి ఉన్నాడు. వచ్చినవాణ్ణి ఏం చెయ్యాలో చెల్లి చెప్పలేదు."

"నాన్న చెప్పాడుగా" అన్నాడు బుల్లెబ్బాయి. "ఇంటికొచ్చినవాణ్ణి పస్తు పంపకూడదని."

"పైగా కట్టి పడేశారట!" వరహాలు మళ్ళీ కొంగు కళ్ళకి అద్దుకుంది. "మనవాడు నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నాడేమోనండీ, చెయ్యి చేసుకుంటున్నాడు. పాపం, కట్లు విప్పించండి."

అంతే, అనుమతించు అని నొక్కారు. వరహాలు ఇంకో ఆకు కూడా వేసింది. సింగారి మళ్ళీ గోడ దూకింది. ఏం చెయ్యమంటారు, నా పిల్లికి ఆ ఒక్కరోజులో వచ్చినంత ఒళ్ళు జన్మలో రాలేదు.

శనివారం పొద్దున్న కంప్యూటర్ తెరిస్తే వనజాక్షి డిజైన్లు ఒక్కటీ రాలేదు. నెమలి నొక్కితే అడ్డదిడ్డంగా గీతలు. తామర నొక్కితే తాళం బొమ్మ. "కొత్తాయన వచ్చీ రాగానే అన్నిటికీ తాళాలేశాడన్నయ్యా, ఎంత జాగ్రత్తపరుడో!" అని బుల్లెబ్బాయి మురిసిపోయి, ఆ శుభవార్త చెప్పడానికి చెల్లికి ఫోన్ చేశాడు.

ఆ పిల్ల అవతల ఏడ్చిన ఏడుపు గోడకి ఇవతల నాకు వినపడిందమ్మా.  ఏళ్ళ కష్టం! ఏడ్చి ఏడ్చి, చివరికి చెప్పింది. "నేను రేపొచ్చేదాకా ఆ కంప్యూటర్ జోలికి వెళ్ళకండి. ఇంకమీదట కొత్తగా ఏదొచ్చినా నేరుగా లోపలికి రానివ్వకండి. ఎంత మంచిగా కనపడినా సరే! తెలిసినవాళ్ళ పేరు పెట్టుకునే వస్తాయవి. నా పేరు పెట్టుకుని వచ్చినా నమ్మకండి! విడిగా ఒకచోట పెట్టి, తల నుంచి తోక దాకా వెతికి, అప్పుడు గాని వదలకండి. కంప్యూటర్ తెరిచే పాస్‌వర్డ్ తాళం మాత్రం చచ్చినా ఎవరికీ చెప్పకండి!"

"ఆయ్, చెప్పింది చెప్పినట్టు" అన్నాడు అమ్మిరాజు.

ఆదివారం పొద్దున్న వీధిలో తెల్లకారు ఆగింది. అందులోంచి పసిమిఛాయ మనిషి, మల్లెపువ్వు లాంటి పంచె, చేతిలో పూతరేకుల పొట్లం, నవ్వుతూ దిగాడు. "నేను భూషణాన్నండి. రేపు వేరే పని పడింది, అందుకని ఇవాళే వచ్చాను. వనజాక్షి గారు నా గురించి చెప్పే ఉంటారు" అన్నాడు.

అన్నదమ్ములిద్దరూ మొహాలు చూసుకున్నారు.

"కొత్తగా వచ్చాడు" అన్నాడు అమ్మిరాజు.

"తెలిసినవాళ్ళ పేరు పెట్టుకుని వచ్చాడు" అన్నాడు బుల్లెబ్బాయి.

"ఎంత మంచిగా కనపడుతున్నాడో చూడండి!" అని వరహాలు గజగజ వణికింది.

ఇంకేముంది! చెరో రెక్కా పుచ్చుకుని, ఆ పెద్దమనిషిని అమాంతం ఎత్తి పెరట్లో కట్టెల గదిలో పెట్టారు. "ఇదేంటండీ, ఇదేంటండీ" అంటున్నాడాయన. "భయపడకండి, స్కానే" అని ధైర్యం చెప్పాడు అమ్మిరాజు. పూర్తి స్కాన్ అన్నమాట. తల దగ్గర మొదలెట్టారు. కళ్ళజోడు తీసి బియ్యం కొలిచే మానికలో పెట్టారు. జేబులోంచి బట్ట కొలిచే టేపు లాగుతూ లాగుతూ, ఇంకా వస్తూనే ఉందని కంగారు పడ్డారు. ఇంతలో ఆయన సెల్‌ఫోన్ మోగింది. "కూత పెడుతోంది, అసలుది ఇదే!" అని దాన్ని తవుడు పోసి ఉంచే చిట్టు గోలెంలో పాతిపెట్టారు. వెతుకులాట నడుం దాకా వచ్చిందో లేదో, వరహాలు పరుగెత్తుకొచ్చింది.

"ఏవండీ! ఇవాళ ఆదివారం! ఆదివారం పని చేస్తున్నారా? మావయ్యగారు చూస్తే!"

అంతే. ఎక్కడివాళ్ళక్కడ ఆపేశారు. గదికి గొళ్ళెం పెట్టి, ఇంట్లోకెళ్ళి సుబ్బరంగా నిద్రపోయారు. ఆ పెద్దాయన మాత్రం సగం స్కానుతో కట్టెల మధ్య మిగిలాడు.

నేను ఊరుకున్నానా? గోడ దగ్గర నిలబడి గొంతు చించుకున్నాను. లేచిందెవరు? పోనీ నేనే గోడ దూకి వెళ్దామంటే నా మోకాళ్ళ సంగతి మీకు తెలుసుగా. మజ్జిగ చెంబు మాత్రం కిటికీ ఊచల్లోంచి కర్రతో అందించాను.

మధ్యాహ్నం బస్సు దిగి వనజాక్షి వస్తుంటే వీధిలోనే ఎదురెళ్ళి చెప్పాను. ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. పరుగెత్తుకెళ్ళి గొళ్ళెం తీసింది. ఇక అయిపోయింది, శాపనార్థాలు పెట్టుకుంటూ వెళ్ళిపోతాడు మహానుభావుడు అనుకున్నాను నేనూ.

ఆయన కట్టెల మీద బాసింపట్టు వేసుకుని కూచున్నాడు. ఒళ్ళో గోనెసంచి. ఇదిగో, మీరు కూచున్నారే, ఇదే సంచి! వనజాక్షి పని నేర్చుకునే రోజుల్లో కుట్టి పారేసిన గుడ్డముక్కలన్నీ అందులోనే ఉండేవి. చేసేది లేక ఒక్కొక్కటీ తీసి చూశాడట. కళ్ళజోడు లేదుగా, ముక్కుకి ఆనించుకుని చూశాడట. వెనక్కి తిప్పి ముడులు తడిమాడట.

వనజాక్షి కాళ్ళ మీద పడబోతే ఆపేశాడు. "కంప్యూటర్లో బొమ్మ ఎవరైనా చూపిస్తారమ్మా. నేనూ బొమ్మ చూసి, బాగుందని వెళ్ళిపోయేవాణ్ణి. ఈ వెనకవైపు ముడి చూశావా? నలభై ఏళ్ళుగా బట్టల్లో ఉన్నాను, ఇంత శుభ్రమైన ముడి చూళ్ళేదు. డిజైన్లు పోతే మళ్ళీ గీసుకుంటావు. పండక్కి మొదటి సరుకు కుట్టి పెట్టు, నేనే వచ్చి పట్టుకెళ్తాను. చిట్టులో నా ఫోన్ ఎక్కడుందో కాస్త చెప్పించు" అన్నాడు.

ఆ పిల్ల అప్పుడేడ్చిన ఏడుపు వేరు. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచాలి?

తర్వాత కంప్యూటర్ బాగుచేసే మనిషొచ్చి అంతా తుడిచి కొత్తగా పెట్టాడు. కాపలావాడు మళ్ళీ వచ్చాడు. వనజాక్షి ఆ సెట్టింగులు ఎవరి చేతికీ అందకుండా బిగించేసి, ఆ గుడ్డముక్కలు చూసుకుంటూ పాత డిజైన్లన్నీ తిరిగి గీసింది. అన్నలకి ఒకటే మాట చెప్పింది, కంప్యూటర్ వైపు చూడొద్దని. చూడ్డంలేదమ్మా, అసలు చూడ్డంలేదు. ఆ గదిలోకి వెళ్తే కళ్ళు మూసుకుని గోడ తడుముకుంటూ నడుస్తున్నారు.

అయితే వీధి అరుగు మీద మాత్రం అమ్మిరాజు గొంతు ఇంకా పెరిగింది. "ఆ ఆర్డరు ఎలా వచ్చిందనుకున్నారండి? డిజైన్లు చూపించబట్టి కాదు, కట్టెల గదిలో పెట్టబట్టి! ఆయ్! ఇంకమీదట మా ఇంటికి బేరానికి ఎవరొచ్చినా ముందు అక్కడే!"

అదమ్మా సంగతి. అందుకే మీరు జాకెట్టు ముక్కలు పట్టుకుని పొద్దున్న గుమ్మం తొక్కగానే ఇక్కడికొచ్చి పడ్డారు. నా చాట అడుగుదామని వచ్చి నేనూ పడ్డాను. మన ఫోన్లన్నీ ఆ చిట్టు గోలెంలోనే ఉన్నాయి. మీ ఆయన వెతుక్కుంటూ వస్తాడంటావా తల్లీ? వస్తే ఆయనా ఇక్కడికే వస్తాడు. ఇక వనజాక్షి ఏదీ అంటారా? ఇదిగో, ఈ మూల తల పట్టుకుని కూచున్నదే, ఆ పిల్లే! కుట్టిన సరుకు మూట ఒళ్ళో ఉంది చూడండి. తక్కువైన పూసలు సరిచూసి కొనడానికి ఆ మూటతో బజారుకెళ్ళి తిరిగొచ్చింది, అంతే, గుమ్మంలోనే పట్టుకున్నారు.

ఉండండి, అడుగుల చప్పుడు. ఒరే అమ్మిరాజూ! ఇంకా ఎంతసేపురా?

"అయిపోయిందండి పిన్నిగారూ. మీరంతా మంచివాళ్ళేనని తేలింది."

అయితే తలుపు తియ్యరా నాయనా!

"గొళ్ళెం తీసేసి గట్టి తాళం వేశామండి. చెవి ఎక్కడుందో తమ్ముడికే తెలుసు. చెప్పరా అంటే చెప్పడంలేదు. ఎవరికీ చెప్పకూడదటండి."

"చిన్నన్నయ్యా! ఆ మాట చెప్పింది నేనే! నేను చెప్తున్నాను, తలుపు తియ్యి!" వింటున్నారా, పాపం వనజాక్షి గొంతు ఎలా పోయిందో.

"చూశావా అన్నయ్యా!" అంటున్నాడు వాడు బయట, విన్నారా? "చెల్లి పేరు పెట్టుకుని వస్తాయని చెల్లి ముందే చెప్పింది! ఎంత తెలివిగలదో మన చెల్లి!"

వనజాక్షీ, ఊరుకోమ్మా, ఏడవకు. పండక్కి ఇంకా టైముందిలే. ఏంటీ? సరుకు పట్టుకెళ్ళడానికి భూషణం గారు వచ్చేది ఇవాళేనా?

అయ్యో రాత! అదిగో, వీధిలో కారు ఆగింది. జరగండమ్మా, అందరూ కాస్త అటు జరగండి. తల్లీ, నువ్వా గోనెసంచి మీంచి లే. ఆయనకి అది అలవాటైన చోటు.